రెయిన్‌బో ట్రౌట్: లక్షణం, వేదన, హింస

రెయిన్‌బో ట్రౌట్ చన్నీటి చేప. దాని పుట్టిల్లు ఉత్తర పసిఫిక్ తీరం. ఇటు రష్యాలోని కమ్చాత్కా నుంచి అటు అలాస్కా, కాలిఫోర్నియాల మీదుగా మెక్సికో దాకా సముద్రంలో కలిసే ఏర్లలోనూ, ఆ ఏర్ల ఎగువన ఉన్న సరస్సుల్లోనూ అది సహజంగా బతుకుతుంది. 1792లో వాల్‌బౌమ్ అనే జర్మన్ పండితుడు కమ్చాత్కా చేపకు శాస్త్రీయ నామం పెట్టాడు. 1836లో రిచర్డ్‌సన్ కొలంబియా నదిలో దొరికిన చేపను వేరే జాతిగా తలచి దానికి మరో పేరిచ్చాడు. రెండూ ఒకటేననీ, పైగా ఈ చేప ఐరోపా ట్రౌట్‌ కన్నా పసిఫిక్ సాల్మన్ చేపలకే దగ్గరి చుట్టమనీ తేలాక 1989లో దాన్ని ఆంకోరింకస్ ప్రజాతిలో చేర్చారు. ఇప్పుడు దాని పేరు ఆంకోరింకస్ మైకిస్. అది ఫలానా చేప అని ఖాయంగా చెప్పడానికి పండితులకే దాదాపు రెండు వందల ఏళ్ళు పట్టింది.

ఆ చేప ఇప్పుడు శంషాబాద్ పొరుగుకు వచ్చింది. విమానాశ్రయానికి ఆగ్నేయంగా, శ్రీశైలం రహదారి మీదున్న కందుకూరు మండలంలో స్మార్ట్ గ్రీన్ ఆక్వాకల్చర్ సంస్థ రెయిన్‌బో ట్రౌట్ పెంపకం మొదలుపెట్టింది. 2026 జనవరిలో కేంద్ర మత్స్యశాఖ మంత్రి దాన్ని ప్రారంభించారు. అక్కడ ఏరు లేదు, సరస్సు లేదు. నీటిని చల్లబరిచి, వడపోసి, ఆక్సిజన్ ఎక్కించి, మళ్ళీ మళ్ళీ తిప్పి వాడే తొట్లున్నాయి. ఆ పొలిమేరల్లోనే, శంషాబాద్ మండలం ముచ్చింతల్‌లో, 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజుల విగ్రహం ఉంది. దానికి సమతామూర్తి అని పేరు. చేపకూ దాన్ని పట్టే మనిషికీ నడుమ ఆ సమత ఎంతవరకు వర్తిస్తుందన్నది తత్వశాస్త్రం అడగదగిన ప్రశ్నే. ట్రౌట్ విషయంలో ఆ ప్రశ్నకు ప్రత్యేకమైన పదును ఉంది. ఎందుకంటే చేపకు నొప్పి తెలుస్తుందా అని ఆధునిక శాస్త్రం గట్టిగా పరీక్షించింది ముందుగా ఈ చేప మీదే.

అయితే హింస గురించి మాట్లాడేముందు గుర్తింపు సంగతి తేలాలి. చేతికి వచ్చిన చేప ఏదో తెలియకుండా దాన్ని ఉంచుకోవాలా, వదలాలా అన్న తీర్పు సాధ్యం కాదు. గుర్తింపుకు కొలతబద్ద కావాలంటే తెలుగువారికి దూరం వెళ్ళనక్కర్లేదు. 17వ శతాబ్దపు అన్నంభట్టు కృష్ణా తీరంలోని గరికపాడు వాడని ప్రతీతి. తర్కం నేర్చుకునే పిల్లలకోసం తర్కసంగ్రహం రాసి, దానికి తానే దీపిక అనే వ్యాఖ్య రాశాడు. ఒక వస్తువు లక్షణానికి మూడు దోషాలు ఉండవచ్చని న్యాయశాస్త్రం, అంటే ఈ తర్కశాస్త్రం, చెబుతుంది. లక్ష్యంలో కొంత భాగానికే వర్తిస్తే అవ్యాప్తి. లక్ష్యాన్ని దాటి బయటి వాటికీ వర్తిస్తే అతివ్యాప్తి. లక్ష్యంలో ఎక్కడా లేకపోతే అసంభవం. ఆవు కపిల వర్ణంలో ఉంటుందనడం మొదటి దోషం, కొమ్ములుంటాయనడం రెండోది, ఒంటి గిట్ట ఉంటుందనడం మూడోది.

ఈ మూడు దోషాలకూ ట్రౌట్ అచ్చమైన ఉదాహరణలిస్తుంది. ఒంటి పక్కన తల నుంచి తోక దాకా సాగే గులాబీ లేదా ఎర్రని పట్టీయే రెయిన్‌బో ట్రౌట్ లక్షణమని చాలామంది అనుకుంటారు. పేరులోని ఇంద్రధనుస్సు కూడా ఆ పట్టీ నుంచి వచ్చిందే. కానీ లోతైన సరస్సుల్లో పెరిగిన చేపల్లో అది వెలిసిపోయి ఒళ్ళంతా వెండిలా ఉంటుంది. సముద్రానికి పోయి తిరిగొచ్చే స్టీల్‌హెడ్ కూడా ఇదే జాతి, ఏటిలోకి అడుగుపెట్టిన కొత్తలో దానిపై పట్టీ కనిపించదు. పిల్ల చేపలకు పట్టీకి బదులు పక్కల మీద ముదురు రంగు మచ్చలు వరుసగా ఉంటాయి. కనుక పట్టీ అవ్యాప్తి. ఒంటి మీది నల్ల చుక్కలను పట్టుకుందామంటే అవి బ్రౌన్ ట్రౌట్‌కూ, కట్‌త్రోట్‌కూ ఉంటాయి. అది అతివ్యాప్తి. ముదురు ఒంటి మీద లేతరంగు చుక్కలుంటాయని ఎవరైనా చెబితే అసంభవం. ఆ తీరు బ్రూక్ ట్రౌట్‌ది, అసలు అది చార్ అనే వేరే కుదురుకు చెందిన చేప.

వీపు మీద పెద్ద రెక్కకూ తోకకూ మధ్య ఎముక లేని చిన్న కొవ్వు రెక్క ఉంటుంది. ట్రౌట్ కుటుంబం మొత్తానికి అది ఉమ్మడి గుర్తు. దాన్ని చూసి మురిసిపోనక్కర్లేదు, మన చెరువుల్లోని జెల్ల చేపల వీపున కూడా అలాంటి రెక్కే ఉంటుంది. అనుభవజ్ఞులు ఒక్క గుర్తును నమ్మరు. తోక రెక్క నిండా కిరణాల్లా వరుసకట్టిన నల్ల చుక్కలున్నాయా చూస్తారు. బ్రౌన్ ట్రౌట్ తోక మీద చుక్కలు దాదాపు ఉండవు, దాని ఒంటి మీద మాత్రం లేత వలయం చుట్టిన ఎర్ర చుక్కలుంటాయి. నోటి లోపలి చర్మం, చిగుళ్ళు తెల్లగా ఉన్నాయా చూస్తారు. కింది రెక్కలోని కిరణాలు లెక్కపెడతారు. రెయిన్‌బోకు అవి సాధారణంగా 8 నుంచి 12, పసిఫిక్ సాల్మన్లకు అంతకన్నా ఎక్కువ. దవడ కింద ఎర్రని కోత గీతలా కనిపిస్తే కట్‌త్రోట్ అని అనుమానిస్తారు. అప్పుడు నాలుక మొదట్లో పళ్ళున్నాయేమో వేలితో తడిమి చూస్తారు. ఈ రెండు జాతులూ కలిసి సంకరమవుతాయి. ఆ సంకర చేపల ముందు తర్కశాస్త్రపు జాతి భావన కాస్త తడబడుతుందనే చెప్పాలి. జాతి ఒక్కటిగా, నిత్యంగా, ఆ జాతికి చెందిన ప్రతి వ్యక్తిలోనూ ఉంటుందనే నైయాయికుడికి సగం ఇదీ సగం అదీ అయిన చేప సులువైన సమస్య కాదు.

చేపకు దాని నీళ్ళు కూడా ఒక గుర్తే. ట్రౌట్‌కు 12 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య నీరు హాయి. 25 డిగ్రీలు దాటితే ప్రాణాపాయం. కారణం వేడి ఒక్కటే కాదు. 15 డిగ్రీల నీటిలో లీటరుకు దాదాపు 10 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల నీటిలో ఏడున్నరే. వేడెక్కిన చేపకు ఊపిరి ఎక్కువ కావాలి, వేడెక్కిన నీటిలో ఊపిరి తక్కువ దొరుకుతుంది. 1927లో ఈసీ నది మీద కట్టిన హిమాయత్‌సాగర్ శంషాబాద్‌కు కూతవేటు దూరంలో ఉంది. అక్కడ గాలం వేసేవారికి బొచ్చె, రవ్వ, బంగారుతీగ, జెల్ల, అదృష్టం బాగుంటే కొర్రమీను చిక్కుతాయి. ట్రౌట్‌ను అందులో వదిలితే మొదటి వేసవి దాటదు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. అది నీళ్ళు చెడినా పైకి వచ్చి గాలి పీల్చుకుని బతకగలదు.

మన దేశంలో ట్రౌట్ ఎక్కడా దేశీ చేప కాదు. బ్రిటిష్ వారు తమ వినోదం కోసం తెచ్చారు. బ్రౌన్ ట్రౌట్ 1900 ప్రాంతంలో కశ్మీర్‌కు చేరింది. తర్వాతి దశాబ్దంలో నీలగిరుల్లో అవలాంచి దగ్గర హెచ్.సి.విల్సన్ రెయిన్‌బోకు పొదిగే కేంద్రం నడిపాడు. కులు లోయలో బియాస్ ఒడ్డున పట్లీకుహల్, కశ్మీర్‌లో కోకర్‌నాగ్, కేరళలో మున్నార్ పైన రాజమల ప్రాంతాలు దానికి ఇళ్ళయ్యాయి. వేట వినోదం కోసం పరాయి చేపను తెచ్చి వదలడం వల్ల హిమాలయపు ఏర్లలో అప్పటికే ఉన్న దేశీ చేపలకు పోటీ, వేటాడే శత్రువు రెండూ వచ్చిపడ్డాయి. హింసను గాలపు మొన దగ్గరే లెక్కపెట్టేవారు సాధారణంగా మరిచేది దీన్నే. ఒక చేపను పట్టడం వల్ల కలిగే హాని కన్నా ఒక చేపను తెచ్చి వదలడం వల్ల కలిగే హాని చాలా పెద్దది కావచ్చు.

ఏటిలో ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలుస్తుంది. తిండి దాని దగ్గరికే కొట్టుకువస్తుంది కాబట్టి ఊరికే తిరగదు. వడి నీరూ నెమ్మది నీరూ ఒరుసుకునే అంచు, బండరాయి వెనక నీడ, మడుగు తలాపున నురగ కరిగే చోటు దాని స్థావరాలు. తిండి చాలావరకు నీటి పురుగులే. రాళ్ళ కింద పెరిగి, రెక్కలొచ్చి పైకి లేచే ఈగల్లాంటి జీవులను అది నీటి అడుగునా, మధ్యలోనూ, ఉపరితలం మీదా పట్టి తింటుంది. వేటగాడు ఈకలూ దారాలూ చుట్టి చేసిన కృత్రిమ ఈగను ఎగువకు విసిరి, ప్రవాహం మోసుకొచ్చినట్టే చేప ముందుకు రానిస్తాడు. దారం లాగినట్టు ఈగ కదిలిందా, చేప కదలదు. సరస్సులో పద్ధతి వేరు. ఉదయం, సాయంత్రం అది ఒడ్డు దగ్గరా, ఏరు వచ్చి కలిసే చోటా తిరుగుతుంది. ఎండ ముదిరితే చల్లటి లోతు పొరకు దిగిపోతుంది. అక్కడికి మెరిసే లోహపు రేకులనో, బరువు కట్టిన ఎరనో పంపాలి. దేనికైనా చేప స్వభావం తెలిసి ఉండాలి. అది ఎక్కడ నిలుస్తుందో, దేనికి భయపడుతుందో, దేనికి ఆశపడుతుందో తెలిసినవాడికే అది చిక్కుతుంది. భయం, ఆశ అనే ఈ మాటలను వేటగాడు చేప విషయంలో సంకోచం లేకుండా వాడతాడు. నొప్పి అనే మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే వేటగాడు ఆగిపోయి రుజువు అడుగుతాడు.

ఆ రుజువు కోసం 2003లో ఎడిన్‌బరో దగ్గరి రోస్లిన్ సంస్థలో లిన్ స్నెడ్డన్, విక్టోరియా బ్రైత్‌వైట్, మైకేల్ జెంటిల్ చేసిన పరిశోధన ప్రసిద్ధం. వారు ఎంచుకున్నది రెయిన్‌బో ట్రౌట్. మత్తిచ్చిన చేప ముఖం మీదా తల మీదా 58 గ్రాహకాలను పరీక్షిస్తే వాటిలో 22 హాని కలిగించే స్పర్శకు, వేడికి స్పందించే రకమని తేలింది. తర్వాత బతికున్న చేపల పెదవుల్లోకి కొన్నింటికి తేనెటీగ విషం, కొన్నింటికి ఎసిటిక్ ఆమ్లం, కొన్నింటికి ఉప్పునీరు ఎక్కించారు. విషం, ఆమ్లం తగిలినవి అటూ ఇటూ ఊగాయి, చాలాసేపు తిండి ముట్టలేదు. ఆమ్లం తగిలినవి పెదవులను కంకర మీద రుద్దుకున్నాయి. మరో ప్రయోగంలో తొట్టిలో ఎర్ర లెగో ఇటుకల కట్టడాన్ని దించారు. మామూలు ట్రౌట్ కొత్త వస్తువు నుంచి దూరంగా పోతుంది. ఆమ్లం తగిలిన చేప దాన్ని పట్టించుకోలేదు, మనసు మరెక్కడో ఉన్నట్టు. మార్ఫిన్ ఇచ్చాక తిరిగి జాగ్రత్తగా దూరం జరిగింది.

ఇతరుల దుఃఖం ప్రత్యక్షానికి అందదని న్యాయశాస్త్రం ముందే ఒప్పుకుంది. సుఖదుఃఖాలు ఆత్మ గుణాలు, ఎవరివి వారి మనసుకే తెలుస్తాయి. అన్నంభట్టు దుఃఖాన్ని అందరికీ ప్రతికూలంగా అనుభవానికి వచ్చేది అని నిర్వచించాడు. అందరికీ అన్నాడు గానీ మనుషులకు అని గిరి గీయలేదు. పరుల దుఃఖం అనుమాన ప్రమాణం వల్లే తెలియాలి. పొగను చూసి నిప్పును తెలుసుకున్నట్టు లింగాన్ని చూసి తెలుసుకోవాలి. కంకరకు పెదవి రుద్దుకోవడం లింగమా? ప్రతిపక్షి ఇక్కడ హేతువు వ్యభిచరిస్తోందంటాడు. స్పృహ లేని ప్రతిచర్యలోనూ అలాంటి కదలికలు ఉండవచ్చు కదా. అందుకే లెగో ప్రయోగం ముఖ్యమైనది. ప్రతిచర్య పెదవిని కదిలించగలదు గానీ, కొత్త వస్తువు మీది భయాన్ని మరిపించదు. మందు వేస్తే ఆ మరుపు పోయింది. ఉన్నప్పుడు ఉండటం, లేనప్పుడు లేకపోవడం రెండూ కుదిరాయి గనుక అన్వయం, వ్యతిరేకం రెండూ ఉన్న లింగమని నైయాయికుడు అనగలడు.

వయోమింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ రోజ్ దీన్ని ఒప్పుకోలేదు. నొప్పి అనే అనుభవానికి మెదడు పైపొర కావాలి, చేపకు అది లేదు, కనుక హానిని పసిగట్టే యంత్రాంగం ఉన్నా అనుభవం లేదన్నది అతని వాదం. వాదం బలంగానే వినిపిస్తుంది. కానీ పైపొర లేకపోతే వేదన లేదనే వ్యాప్తి, అంటే తప్పని నియమం, ఎక్కడ చూసి పట్టినది? క్షీరదాల్లో. పక్షులకు ఆ రకం పొరల మెదడు లేదు, అయినా కోడికి నొప్పి లేదనే ధైర్యం ఎవరికీ లేదు. వ్యాప్తి పరిమితమైనదైతే అనుమానం నిలవదు. ఇక ప్రత్యక్షం తప్ప మరో ప్రమాణం ఒప్పని చార్వాకుడు చేప నొప్పిని కొట్టిపారేయవచ్చు. అయితే అదే ఊపులో పక్కింటివాడి పంటి నొప్పిని కూడా కొట్టిపారేయాల్సి వస్తుంది. మొత్తం మీద తూకం ట్రౌట్ వైపే మొగ్గుతోంది. ఇది గణితపు రుజువు కాదు, అనుమానం ఇచ్చేది కూడా అలాంటి రుజువు కాదు. మనిషి నొప్పి విషయంలోనూ ఎదుటివాడి దగ్గరున్న ఆధారం ఇంతకన్నా మేలైనది కాదు.

రామానుజ దర్శనంలో చిక్కు ఇంకా ముందే విడిపోతుంది. విశిష్టాద్వైతం ప్రకారం దేవ, మనుష్య, తిర్యక్, స్థావర భేదాలు శరీరాలవే. వాటిలోని జీవుల స్వరూపం ఒక్కటే, అది జ్ఞానమే. కర్మ వల్ల ఆ జీవుడి జ్ఞానం ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది. చేపలో అది బాగా ముడుచుకుని ఉందనవచ్చు, లేదని మాత్రం అనడానికి లేదు. జీవులందరూ పరమాత్మకు శరీరమే కనుక చేప శరీరమూ ఆ లెక్కలోదే. మరి ఇంత సమత చెప్పినవారు హింస మాటేమన్నారు? శ్రీభాష్యంలో ఒకచోట రామానుజులు యజ్ఞంలో పశువధను సమర్థించారు. ఆ పశువుకు స్వర్గం కలుగుతుందని శాస్త్రం చెబుతోంది గనుక అది హింస కాదనీ, రోగికి మేలు చేయడానికి వైద్యుడు కొంచెం నొప్పి పెట్టినట్టే అనీ వాదించారు. యజ్ఞ విషయం ఈనాటి పాఠకుడికి మింగుడు పడకపోవచ్చు. ఆ వాదంలోని కొలత మాత్రం గట్టిది. బాధ ఎవరికి కలిగిందో మేలు కూడా వారికే కలగాలి. ట్రౌట్ గాలాన్ని ఈ కొలతతో తూచితే ఏ విధంగానూ నెగ్గదు. నొప్పి చేపది, సంతోషం వేటగాడిది.

తిండి కోసం పట్టడం సంగతి వేరుగా చూడాలి. ఈ విషయంలో సంప్రదాయం ఒకే గొంతుతో మాట్లాడదు. మనుస్మృతి ఒకచోట చేప తినేవాడు అన్ని మాంసాలూ తిన్నవాడితో సమానమంటుంది. వెంటనే దేవపితృ కార్యాలకు పాఠీనం, రోహితం వంటి కొన్నింటికి మినహాయింపు ఇస్తుంది. వాటితో పాటు పొలుసులున్న చేపలన్నింటినీ చేరుస్తుంది. యూదుల ధర్మశాస్త్రమూ రెక్కలూ పొలుసులూ ఉన్న చేపనే తినమంటుంది. ట్రౌట్ పొలుసులు బాగా చిన్నవి, తడి చేతికి చర్మమే అనిపిస్తుంది, అయినా పొలుసులే. రెండు సంప్రదాయాల్లోనూ ధర్మం లక్షణ పరీక్ష మీద ఆధారపడటం గమనించదగినది. మనుస్మృతే మరోచోట వధకు అనుమతిచ్చినవాడు, చంపినవాడు, కోసినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అందరూ హంతకులేనంటుంది. బౌద్ధ వినయం ఇంత కఠినం కాదు. తనకోసం చంపారని చూడక, వినక, అనుమానించక ఉంటే భిక్షువు ఆ మాంసం స్వీకరించవచ్చు. సూపర్ బజారులో మంచు మీద పరిచిన చేపను కొనేవాడు బౌద్ధుడి లెక్కలో తప్పించుకుంటాడు, మనువు లెక్కలో దొరికిపోతాడు.

మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడు మిథిలలో మాంసం అమ్ముతూనే కౌశికుడనే బ్రాహ్మణుడికి ధర్మం చెబుతాడు. నాగలి కింద ఎన్ని ప్రాణులు నలిగిపోతాయో, నడిచే పాదం కింద ఎన్ని పోతాయో లెక్క చెప్పి, పూర్తి అహింస ఈ లోకంలో ఎవరికీ సాధ్యం కాదనీ, తగ్గించుకునే యత్నమే సాధ్యమనీ అంటాడు. ఇంతకన్నా సూటిగా మన విషయానికి వచ్చే కథ అనుశాసన పర్వంలో ఉంది. చ్యవన మహర్షి గంగా యమునల సంగమంలో నీటి అడుగున పన్నెండేళ్ళు తపస్సు చేశాడు. చేపలు ఆయనకు అలవాటుపడ్డాయి. ఒకనాడు జాలరుల వలలో చేపలతో పాటు ఆయనా పైకి వచ్చాడు. ఒడ్డున చచ్చిపోతున్న చేపలను చూసి నిట్టూర్చి, వీటితో కలిసి బతికాను, వీటిని విడిచి రాను, చావైనా అమ్మకమైనా వీటితోనే అన్నాడు. నహుష మహారాజు వచ్చి వేయి నాణేలు, లక్ష, కోటి, అర్ధ రాజ్యం, చివరికి మొత్తం రాజ్యం ఇస్తానన్నా అది తనకు తగిన వెల కాదన్నాడు. గోవు కడుపున పుట్టిన ఒక ముని సలహాతో రాజు ఒక ఆవును వెలగా ఇచ్చాడు. జాలరులు ఆ ఆవును మహర్షికే సమర్పించారు. ఆయన దీవెనతో జాలరులు, చేపలు కలిసి స్వర్గానికి వెళ్ళారు.

ఈ కథను గోమహిమకే ఉదాహరణగా చెప్పి వదిలేయడం అలవాటు. కథలోని రెండు సంగతులు అంతకన్నా లోతైనవి. జాలరులను కథ ఎక్కడా నిందించదు. వల వారి జీవనాధారం, వారూ స్వర్గార్హులే. కానీ మహర్షి విలువనూ చేప విలువనూ ఒకే వలలో ఉంచి బేరం చేయించడం ద్వారా చేప ప్రాణాన్ని అది చవకగా తూచనివ్వదు. ఇంకోటి, చేపలు తిరిగి నీటికి పోవు. కథకుడు తలిస్తే మహర్షి చేత వాటిని గంగలో వదిలించడం కష్టమేమీ కాదు. వదలడం వల్ల జరిగింది జరగనట్టు అయిపోతుందనే ఊరట కథ ఇవ్వలేదు.

ఆ ఊరట మీదే ఈనాటి ట్రౌట్ వేట వినోదం చాలావరకు నడుస్తోంది. చేపను పట్టి, ఫొటో తీసుకుని, తిరిగి వదిలేయడం అనేక దేశాల్లో మర్యాదగా చలామణి అవుతోంది. దాన్ని సమర్థించేవారి వాదం తేలికైనది కాదు. వదిలే పద్ధతి వల్లే కొన్ని ఏర్లలో చేపలు మిగిలాయి, ఏటిని కాపాడే డబ్బూ పట్టుదలా వేటగాళ్ళ నుంచే వచ్చాయి. పద్ధతి తెలిసినవారు ముళ్ళు లేని గాలం వాడతారు. చేతులు తడుపుకుని గానీ చేపను ముట్టరు, పొడి చేయి దాని ఒంటి జిగురును ఊడదీస్తుంది. కొద్ది క్షణాలకు మించి నీటి బయట ఉంచరు. నీరు 20 డిగ్రీలు దాటిన రోజున గాలమే దించరు. వానపామును లోతుగా మింగిన చేప తర్వాత చనిపోయే అవకాశం కృత్రిమ ఈగకు పెదవి దగ్గర తగులుకున్న చేప కన్నా చాలా ఎక్కువని వారికి తెలుసు. ఇవన్నీ మెచ్చదగినవే. అయినా వేదన ఉందని ఒప్పుకున్నాక తర్కం ఎదురు తిరుగుతుంది. తిండి కోసం పట్టేవాడు ఒక అవసరాన్ని చూపగలడు, ఆట కోసం పట్టి వదిలేవాడు అదీ చూపలేడు. స్విట్జర్లాండ్ 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనల్లో, తిరిగి వదిలేయాలనే ఉద్దేశంతో గాలం వేయడాన్నే నిషేధించింది. జర్మనీ చట్టం తగిన కారణం లేకుండా ప్రాణికి బాధ కలిగించరాదంటుంది, తిండిని తగిన కారణంగా ఒప్పుకుంటుంది. మెత్తని మనసు వదిలేయమంటే చట్టం పట్టినది తినమంటోంది. వింతగా తోచినా, రామానుజుల కొలతకూ ధర్మవ్యాధుడి ఓర్పుకూ ఈ చట్టాలే దగ్గరగా ఉన్నాయి.

భారతీయ సంప్రదాయానికి మూడో దారి కూడా తెలుసు. శృంగేరిలో శారదా పీఠం ముందు తుంగా నది మెట్ల దగ్గర పెద్ద పెద్ద చేపలు భక్తుల చేతి మరమరాల కోసం గుంపు కడతాయి. అక్కడ వాటిని ఎవరూ పట్టరు. తిరుపతి జిల్లా నాగలాపురంలో శ్రీకృష్ణదేవరాయలు తల్లి పేరిట కట్టించిన వేదనారాయణస్వామి ఆలయంలో విష్ణువు మత్స్యావతార రూపంలో పూజలందుకుంటాడు. అదే సమయంలో మృగశిర కార్తె వచ్చిందంటే తెలంగాణలో ఇంటింటా చేపల కూర ఉడుకుతుంది, హైదరాబాద్ నాంపల్లిలో బత్తిని కుటుంబం ఉబ్బసానికని బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తుంది. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. మొక్కడం, కాపాడటం, తినడం మూడూ ఒకే సమాజంలో పక్కపక్కన సాగుతున్నాయి. దీన్ని కపటమనడం తొందరపాటు. ఆ మూడింటిలోనూ చేప బొమ్మ కాదు, ఒక శక్తి ఉన్న ప్రాణి. చేపతో ఆడుకోవడమనేది మాత్రం ఈ మూడింటిలో దేనికిందికీ రాదు.

కందుకూరు తొట్లలోని ట్రౌట్‌కు గాలం తగలదు. అంతమాత్రాన ప్రశ్న పోదు, చోటు మారుతుంది. ట్రౌట్ మాంసాహారి. దాని మేతలో సముద్రపు చిన్న చేపల పొడి, నూనె కలుస్తాయి. కిలో ట్రౌట్ పెరగడానికి కిలోకు కాస్త అటూ ఇటూగా మేత కావాలి. పెద్ద చేప చిన్న చేపను మింగే మత్స్యన్యాయం ఇక్కడ యంత్రం గుండా నడుస్తుంది. ప్రవాహానికి ఎదురు నిలవడం దాని స్వభావం కాబట్టి తొట్టిలో నీరు తిరుగుతూ ఉండాలి. ఎన్ని చేపలను ఎంత నీటిలో కుక్కాలన్నది లాభం లెక్క మాత్రమే కాదు, రెక్కలు ఒరుసుకుని చీలిపోవడం ఇరుకు తొట్ల మామూలు జబ్బు. కరెంటు పోయి ఆక్సిజన్ ఆగితే మొత్తం తొట్టి పోతుంది. ఏటి చేపకు ఏరు చూసుకునే పనులన్నీ ఇక్కడ మనిషి నెత్తిన పడ్డాయి, కనుక చేప బాధలో మనిషి వాటా కూడా ఏటి దగ్గర కన్నా ఎక్కువ.

అన్నింటికన్నా తక్కువగా చర్చకు వచ్చేది చంపే పద్ధతి. చేపను మంచులో వేసి వదిలేయడం మన మార్కెట్లలో మామూలు. చల్లగా, రక్తం లేకుండా ఉంటుంది గనుక అది దయగల పద్ధతిలా కనిపిస్తుంది. వెచ్చటి నీటి చేప విషయంలో సంగతి ఎలా ఉన్నా ట్రౌట్ చన్నీటి ప్రాణి. చలిలో దాని జీవక్రియ నెమ్మదించి ఊపిరాడని స్థితి సాగుతుంది. నీటి బయట 20 డిగ్రీల వేడిలో మెదడు స్పందన 3 నిమిషాల లోపు ఆగిపోతే, మంచు చలిలో దాదాపు 10 నిమిషాలు పడుతుందని ట్రౌట్ మీద జరిగిన పరీక్షలు చూపాయి. తల మీద ఒక్క గట్టి దెబ్బతో గానీ, విద్యుత్తుతో గానీ ముందు స్పృహ పోగొట్టి తర్వాత కోయడం చూడటానికి మోటుగా ఉంటుంది. కానీ బాధ క్షణాల్లో ముగుస్తుంది. మనువు లెక్కపెట్టిన వారిలో అనుమతిచ్చేవాడు, అమ్మేవాడు, కొనేవాడు, వండేవాడు ఉన్నారు. ఈ పద్ధతుల్లో ఏది వాడాలో వారిలో ఎవరైనా అడగవచ్చు. చేపల దుకాణంలో తాజాదనం గురించి, ధర గురించి, ముళ్ళ గురించి అడుగుతారు. ఎలా చంపారన్నది ఇంకా అడగరు.